దాసన్నకు లేని జబ్బులు

పెళ్లయిన మూడో నెలలో నాకు ఉద్యోగం దొరికింది. ఉద్యోగం దొరికినందుకన్నా అది పావగడలో దొరికినందుకు ఎక్కువ సంతోషపడ్డాను. మధు ఇక్కడి సోలార్ పార్కులో టెక్నీషియన్. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి వెళ్లి, సాయంత్రం కనుబొమల మీద కూడా దుమ్ముతో దిగుతాడు. బస్టాండు వెనక వీధిలో మేడ మీద మాదొక గది, ఒక వంటిల్లు. తలుపు తీస్తే ఎదురుగా కొండ. ఒకే మేకుకు వేలాడే మా ఇద్దరి తువ్వాళ్లను చూసినా నాకు ఊరికే నవ్వొస్తుంది. ఇలాంటివి బయట చెబితే పిచ్చి అనుకుంటారని ఎవరికీ చెప్పను.

ఉద్యోగం సంగతికి వస్తాను. చిన్న ఊళ్లలో జనం మామూలు డాక్టర్ల దగ్గరికి ఎలా వెళ్తున్నారు, ఎందుకు వెళ్తున్నారు, ఇచ్చిన మందులు సరిగా వాడుతున్నారా అని బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థ తెలుసుకోవాలనుకుంది. జ్వరానికీ, బీపీకీ, షుగరుకీ, పిల్లల దగ్గుకీ అందరూ ముందుగా వెళ్లేది ఈ డాక్టర్ల దగ్గరికే. మా పావగడలో శ్రీనివాస డాక్టర్ గారి క్లినిక్ అలాంటిది. అక్కడి రిజిస్టరులో వచ్చినవాళ్ల పేరు, వయసు, ఊరు, జబ్బు, ఇచ్చిన మందు అన్నీ ఉంటాయి. రానివాళ్లు ఎందుకు రాలేదో మాత్రం ఉండదు. అది తెలియాలంటే ఇంటింటికీ వెళ్లి సర్వే చేయాలి. సర్వేలో జనం కష్టసుఖాలు చెబుతారు గానీ ఏ మందు ఎప్పుడు తెచ్చుకున్నారో మర్చిపోతారు. అందుకని, ఒప్పుకున్నవాళ్ల సర్వే జవాబులనూ రిజిస్టరులో వాళ్ల పేరున ఉన్న వివరాలనూ పక్కపక్కన పెట్టి కలపాలి. సర్వే చేయడం, కలపడం రెండూ నా పనే. క్లినిక్ వెనక గదిలో నాకొక కంప్యూటరు, నాకోసమే తిరిగే ఒక ఫ్యాను ఇచ్చారు.

సర్వేకు నాకిచ్చిన రెండు ఊళ్లలో ఒకటి వెంకటమ్మనహళ్లి. అది మా అత్తగారి ఊరు. పరాయి ఊళ్లో అయితే కాగితాలు చూసి తలుపు వేసేస్తారు. ఇక్కడ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు. నేను వాళ్లను యాభై ప్రశ్నలు అడిగితే వాళ్లు నన్ను ఒకటే అడిగేవాళ్లు, విశేషమేమన్నా ఉండాదా పాపా అని. లేదంటే, పై నెల మళ్లీ వచ్చి సర్వే చేసుకోమనేవాళ్లు.

సర్వే అయిన ఇంటి ద్వారబంధం మీద నీలం మార్కరుతో నంబరు రాయడం మా పద్ధతి. మా పెళ్లికని కొత్తగా రంగు వేయించిన మా అత్తింటి ద్వారబంధం మీద కూడా నేనే రాశాను. ఓటు వేసినోళ్ల వేలికి పెట్టినట్టు నా వాకిలికి సిరా పెట్టింది మా కోడలు అని మా అత్త నరసక్క వచ్చినవాళ్లందరికీ చూపించి మరీ చెప్పింది.

రెండు నెలలు ఇలా హాయిగా గడిచాక, ఒక శుక్రవారం ఆశా మేడం ఫోన్ చేశారు. బెంగళూరులో మా పరిశోధనంతా చూసేది ఆవిడే. ఎప్పుడూ గొంతు పెంచరు. ఆ రోజు కూడా మెల్లగానే, మిగతా తాలూకుల్లో రిజిస్టరు, సర్వే చక్కగా కలుస్తున్నాయని, పావగడలో మాత్రం సగం కూడా కలవడం లేదని చెప్పారు. వెంకటమ్మనహళ్లి ఆడవాళ్లు బీపీ మాత్రలు వాడుతున్నామంటారు, క్లినిక్‌కు వెళ్లారా అంటే లేదంటారు, రిజిస్టరులో చూస్తే వాళ్ల పేర్లే లేవు. నెలాఖరుకు ఇది బాగుపడకపోతే పావగడను పరిశోధన నుంచి తీసేసి నన్ను తుమకూరు కేంద్రానికి మారుస్తామన్నారు. అక్కడ హాస్టలు కూడా ఉందట. అది శుభవార్తలాగే చెప్పారు పాపం.

తుమకూరు ఇక్కడికి మూడు గంటల బస్సు. అంటే అక్కడ నేను, ఇక్కడ మధు, వారానికొక ఆదివారం.

సాయంత్రం మధుకు చెప్పాను. ఉద్యోగమన్నాక తప్పదు కదా, ఆదివారాలు ఎంతసేపట్లో వస్తాయి అన్నాడు. అని, కడిగి బోర్లించిన పళ్లాలనే మళ్లీ కడిగాడు. నేను చూసీ చూడనట్టు ఉన్నాను. ఇద్దరం ఆ రాత్రి అవసరం లేకపోయినా చాలా మాట్లాడుకున్నాం.

సోమవారం నుంచి రిజిస్టరును ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టాను. కంప్యూటరు పేరూ వయసూ ఊరూ చూసి కలుపుకుంటూ పోతుంది, మనిషిని చూడదు. చూడాల్సింది నేను. అలా చదువుతుంటే ఒక పేరు దగ్గర నా వేలు మళ్లీ మళ్లీ ఆగింది. దాసన్న, యాభై రెండేళ్లు, వెంకటమ్మనహళ్లి. ఒకరోజు బీపీ. రెండ్రోజులకు షుగరు. ఆ వారంలోనే మోకాళ్ల నొప్పి. తర్వాత థైరాయిడ్, నిద్రలేమి, చిన్నపిల్లల నులిపురుగుల సిరప్. ఇన్ని జబ్బుల దాసన్నను కంప్యూటరు నమ్మకంగా సర్వేలోని దాసన్నతో కలిపింది. అందులో ఆయన జవాబులు నేను రాసినవే. ఆరోగ్యం: చాలా బాగుంది. ఏడాదిలో డాక్టరు దగ్గరికి వెళ్లారా: లేదు.

దాసన్న నాకు బాగా తెలుసు. మధు ఆయన్ను చిన్నాయనా అంటాడు, నేను మామా అంటాను. ఊళ్లో పాలు పోగుచేసి, క్యాన్లు టీవీఎస్‌కు కట్టుకుని, రోజూ పొద్దున పావగడ డెయిరీలో పోసి వస్తాడు. మా పెళ్లిలో సాంబారు గుండిగను ఒక్కడే ఎత్తి పక్కన పెట్టిన మనిషి. లోపల ఇన్ని బాధలు పెట్టుకుని అంత నవ్వుతూ తిరుగుతున్నాడా అని నాకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాతి వరసకు వచ్చాను. దాసన్న, యాభై రెండేళ్లు, మూడో నెల గర్భం, వాంతులు.

నేను నవ్విన నవ్వుకు బయట బెంచీల మీద కూర్చున్న రోగులు కూడా మాటలు ఆపారు. కాంపౌండరు బైలప్పన్న ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. రిజిస్టరు రాసేది ఆయనే. ఆ వరస చూపించాను. ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు.

“నా ముందర ఎవురు నిలబడితే వాళ్ల పేరు రాస్తా. టోకెన్ దాసన్నది, లైన్లో నిలబడింది దాసన్న. ఆ మాత్ర ఇంటికి పోయి ఎవురు మింగుతారో నేను యాడ చూసేది?”

అప్పుడు కథంతా బయటికొచ్చింది. డెయిరీలో పాలు పోశాక దాసన్నకు పని ఉండదు. ఊళ్లోవాళ్లు అయిపోయిన మాత్రల ఖాళీ కవర్లు ఆయన చేతికిస్తారు. ఆయన అవి చొక్కా జేబులో పెట్టుకొచ్చి, డాక్టర్ గారికి ఒక్కొక్కటీ ఎవరిదో చెవిలో చెప్పి, అవే మందులు తీసుకుపోతాడు. మనిషిని చూడకుండా ఎన్నాళ్లని ఇస్తానని డాక్టర్ గారే రెండు మూడు నెలలకోసారి ఆదివారం ఆ ఊరికి వెళ్లి అందరి బీపీలూ చూసి వస్తారు. అది క్లినిక్ పని కాదు గనక రిజిస్టరులో ఎక్కదు. డాక్టరు దగ్గరికి వెళ్లారా అని నేను అడిగితే ఆడవాళ్లు లేదన్నారు. నిజమే, వాళ్లు వెళ్లలేదు. దాసన్న తనకు జబ్బు లేదన్నాడు, అదీ నిజమే. బైలప్పన్న ఎదురుగా ఉన్న మనిషి పేరు రాశాడు. ఇన్ని నిజాలు కలిపితే యాభై రెండేళ్ల మగమనిషికి వేవిళ్లు వచ్చాయి.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. డాక్టర్ గారు రోగుల సంగతి బయటపెట్టరు గానీ, ఏ మందు ఎవరిదో దాసన్న చెబితే చాలు, అన్నీ కలిసిపోతాయి, తుమకూరు హాస్టలు గది ఇంకెవరికైనా పోతుంది. మధుకు మర్నాడు సెలవు. డాక్టర్ గారిని అడిగి పూట సెలవు తీసుకుని, బండి మీద ఇద్దరం ఊరికి వెళ్లాం. దారిలో రెండు వైపులా ప్యానెళ్లు, వాటిలో మా బండి నీడ కనిపిస్తుందేమోనని నేను చూస్తూ కూర్చున్నాను. కనిపించలేదు.

దాసన్న వాకిట్లో క్యాన్లు తోముతున్నాడు. భార్య తిప్పమ్మ పక్కనే నీళ్లు పోస్తోంది. నేను సంగతంతా చెప్పి, ఎవరెవరికి ఏ మందు తెస్తాడో చెప్పమన్నాను. ఆయన తోముతూనే విన్నాడు.

“చెప్పను పాపా.”

వేళాకోళమనుకుని మధు నవ్వాడు. వినుత మనింటి మనిషే కదా చిన్నాయనా అన్నాడు.

“మనింటి మనిషి అయినందుకే చెప్పను. బయటోళ్లయితే విని మర్చిపోతారు.”

“కట్టుకున్నదాన్ని, నాకే చెప్పడు,” అంది తిప్పమ్మ. “జేబులో వాంతుల మాత్ర చూసి, ఊళ్లో ఎవురబ్బా అని నాలుగు దినాలు తలకాయ పగలగొట్టుకున్నా.”

“నీకి తెలిసింటే ఆ పొద్దే సీమంతం చేసిందువు.”

నేను తుమకూరు సంగతి కూడా చెప్పాను.  దాసన్న చేయి ఆగింది. నా మెడలో ఇంకా కొత్తగానే ఉన్న పసుపు తాడు చూసి, తల దించుకున్నాడు. కావాలంటే ఆ మేడమ్మకు తానే ఫోన్ చేస్తానన్నాడు, మా పాపను ఇక్కడే పెట్టుకోమని బతిమాలుకుంటానన్నాడు.

“అది మాత్రం అడగొద్దు పాపా. ఇయ్యాల నీకి చెప్తే, రేపు ఒకామె నా చేతికి కవరు ఇయ్యాలంటే ఎనకాముందు చూసుకుంటాది. ఆ మాత్ర ఇంక తెప్పించుకోదు.”

వచ్చిన దారినే తిరిగొచ్చాం. కోపం రావాలి గానీ నాకు రాలేదు.

మర్నాడు క్లినిక్‌లో కూర్చుంటే ఇంకో దారి తోచింది. ఊళ్లో థైరాయిడ్ ఉందని సర్వేలో చెప్పింది ఇద్దరే. ఆ మందు ఏ తేదీల్లో వెళ్లిందో రిజిస్టరులో ఉంది. చిన్నపిల్లలున్న ఇళ్లు తెలుసు. దాసన్న చెప్పకపోయినా రెండూ పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో ఊహించవచ్చు. పజిలు పూర్తి చేస్తున్నట్టు ఉత్సాహంగా ఒకటి కలిపాను, రెండు కలిపాను. మూడోది షుగరు. వయసు, రోజులు, ఇల్లు అన్నీ చూసుకుంటూ పోతే వేలు మా అత్త పేరు మీద ఆగింది.

సర్వేలో నేనే అడిగాను. షుగరు లేదంది. పోయిన ఆదివారం మాకు బెల్లం పూర్ణంతో ఓళిగలు చేసి పెట్టి, నేను ఒక్కదాన్నే తింటున్నానని నాకు తోడుగా తనూ ఒకటి తింది. నా ఊహ తప్పే కావచ్చు. నిజమైతే మాత్రం, ఆవిడ చెప్పాలనుకుంటే చెప్పి ఉండేది. ఒప్పుకుంటూ ఆవిడ వేలిముద్ర వేసింది తన పేరున ఉన్న వివరాలు చూసుకోమని. దాసన్న పేరున ఉన్నవాటిలో తనను వెతుక్కోమని చెప్పలేదు.

ఊహించి కలిపిన మూడింటినీ చెరిపేశాను. చెరిపాక, ఇంక తుమకూరేనని నాకే అర్థమైంది. అయినా ఆశా మేడంకు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను, వేవిళ్లతో సహా. ఆవిడ నవ్వడం నేను మొదటిసారి విన్నాను. ఎవరిది ఏ మందని అడగను, మీ ఇంటికి మందులు ఎవరు తెస్తారని ఒక్క ప్రశ్న మాత్రం కొత్తగా అడుగుతానన్నాను. ఒక వారం చూడమన్నారు.

మా అత్త ఇంటి అరుగు మీదే మొదలుపెట్టాను. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు విత్తనాలకని శెనక్కాయలు ఒలుస్తున్నారు. ప్రశ్న అడగ్గానే అందరూ ఒకేసారి, ఇంకెవురు, దాసన్నే అన్నారు. అలాంటప్పుడు క్లినిక్‌లో దాసన్న మీ పేరు చెబితే బైలప్పన్న రాసుకుంటాడు, మీకిష్టమేనా అని అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. పక్కింటి సౌభాగ్య అయితే ఒలిచేది కూడా ఆపింది.

“ఆ బెంచీల మీద పావగడ సగం కూర్చోనుంటాది. కూర్చున్నోళ్లకి పనేముంది అక్కా, వినేదే పని. నా పేరు ఆడ చదివితే నేను ఇంటికొచ్చే లోపల మా పుట్టింటికి తెలుస్తాది.”

డాక్టర్ గారికి చెవిలో చెప్పినట్టు బైలప్పన్నకూ చెబితే అన్నాను. ఆయనకు చెవుడని, చెవిలో చెప్పినా కేకేసి మళ్లీ అడుగుతాడని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మనసులో బస్సు టైములు తిరుగుతున్నాయి.

మా అత్త చేట అందుకుంది. పొట్టు చెరుగుతూ, నా వైపు చూడకుండా సణిగినట్టు అంది.

“బంగారట్లాంటి వాకిలి పాడు చేసి అంతలావు నంబరు రాసినావు. అది దేనికన్నా పనికొస్తే కదా. పేరు వద్దంటే ఆ నంబరు రాసియ్యి కవరు మీద.”

నేను తలెత్తి ద్వారబంధం చూశాను. ముప్పై ఏడు. మా సర్వేలో ఇంటికో నంబరు, ఇంట్లో మనిషికో వరస నంబరు ఉంటాయి. కవరు మీద ఆ రెండూ రాస్తే దాసన్న నోరు తెరవనక్కర్లేదు, బెంచీల వాళ్లకు ఏమీ అర్థం కాదు, రిజిస్టరులో ఆ అంకెలు పడితే సర్వేతో తప్పు లేకుండా కలుస్తుంది. శెనక్కాయల పొట్టులోంచి నడిచి వెళ్లి మా అత్తను వాటేసుకున్నాను. నలుగురిలో ఏందిది అని ఆవిడ విదిలించుకుంది గానీ, అంత గట్టిగా విదిలించుకోలేదు.

కలిపేటప్పుడు నాకు మాత్రం తెలుస్తుందని ముందే చెప్పి, ఒప్పుకున్నాక అందరికీ వాళ్ల నంబర్లు చెప్పాను. రాయడం రానివాళ్లకు మాత్రం, ఏ కవరో తిప్పి చూడకుండా, వెనక్కి మడిచి ఇస్తే దాని మీద రాసిచ్చాను. అందరూ వెళ్లాక మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, బియ్యం డబ్బాలోంచి ఒక కవరు తీసింది. మడవకుండా, అక్షరాలు నా వైపు పెట్టి ఇచ్చింది.

“షుగరు. పెండ్లికి రెండు నెలల ముందర చెప్పినాడు డాక్టరు. కొత్త కోడలు వస్తావుంటే ఇంట్లో రోగాల మాట ఎందుకులే అనుకున్నా. నువ్వు అడిగినప్పుడు లేదన్నా కదా, అది దిద్దుకో.”

“అయితే ఓళిగ ఎందుకు తిన్నావత్తా?”

“నువ్వు ఒక్కదానివే తింటావుంటే బాగుంటాదా?”

కవరు మీద ముప్పై ఏడు, పక్కన ఒకటి రాశాను. మధుకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని అడిగాను. ఆదివారం వస్తారు కదా, తానే చెబుతానంది.

వారం తిరిగేసరికి కవర్లన్నీ నంబర్లతో వచ్చాయి. బైలప్పన్న రిజిస్టరులో ఒక గీత గీసి కొత్త గడి చేశాడు. మొదటి మూడు రోజులు, ఇది ఆసుపత్రా రైల్వే స్టేషనా అని గొణిగి, తర్వాత అలవాటు పడ్డాడు. డాక్టర్ గారు ఎంతో తేలికపడ్డారు. ఎవరికి ఏ మందు ఎప్పుడు మార్చారో అంతకుముందు ఆయన జ్ఞాపకంలోనే ఉండేదట.

ఆశా మేడం గడిచిన ఏడాది రిజిస్టరులో దాసన్న పేరున్న వరసలన్నీ పక్కన పెట్టేయమన్నారు. వాటిని ఇప్పుడు ఎవరూ సరిచేయలేరు. కొత్తగా ఆరు నెలలు నంబర్లతో సేకరించాలి. ఆవిడకు ఇంకో అనుమానం కూడా వచ్చింది. చక్కగా కలుస్తున్నాయని మెచ్చుకున్న మిగతా తాలూకుల్లో మాత్రం ఇలాంటి దాసన్నలు లేరని ఎవరు చెప్పారు? అక్కడ కూడా మందులు ఎవరు తెస్తారన్న ప్రశ్న అడగమని అందరికీ రాశారు. నన్ను తుమకూరు పంపే మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తుతారేమోనని నేనే ఆగలేక అడిగాను. ఇప్పుడు నువ్వు అక్కడ లేకపోతే ఎలా అన్నారు. ఆ వాక్యాన్ని మధుకు ఫోన్లో రెండుసార్లు చెప్పాను. అటువైపు గాలి హోరులో మొదటిసారి వినబడలేదన్నాడు. వినబడిందని నాకు తెలుసు.

తర్వాతి గురువారం దాసన్న వచ్చి కవర్లన్నీ ఇచ్చాక కూడా లైన్లోంచి కదల్లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంకొకటి రాసుకోమన్నాడు. బైలప్పన్న నంబరు అడిగాడు. నంబరెందుకప్పా, నాకే అన్నాడు దాసన్న. బైలప్పన్న పెన్ను పక్కన పెట్టి, ఎవరిదో చెప్పు, నేను ఎక్కడా అనను అని బుజ్జగించాడు. బెంచీల మీదివాళ్లు కూడా, సిగ్గుపడొద్దు చెప్పేయమన్నారు. చివరికి డాక్టర్ గారు బయటికొచ్చి నుదుటి మీద చేయి వేసి చూసేదాకా ఆయన జ్వరాన్ని ఎవరూ నమ్మలేదు. ఆయన ఇంటి నంబరు నేనే వెళ్లి చెప్పాను. మూడు రోజులు బండి ఎక్కొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు.

ఊరి పాలు ఆగడానికి వీల్లేదు కనుక మధు మధ్యాహ్నం షిఫ్టు వేయించుకున్నాడు. మర్నాడు తెల్లవారుతుంటే మేమిద్దరం వెంకటమ్మనహళ్లిలో ఉన్నాం. క్యాన్లు కట్టిన టీవీఎస్ మీద మధు, వెనక మిగిలిన జానెడు చోటులో నేను. బయల్దేరే ముందు తిప్పమ్మ ఒక చేతిగుడ్డ మూట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఊళ్లోవాళ్లు రాత్రే వచ్చి ఇచ్చిన కవర్లట. ఆ నంబర్లన్నీ వాకిళ్ల మీద నా చేత్తో రాసినవే, చూస్తే చాలు ఎవరివో నాకు తెలిసిపోతాయి. ఆ సంగతి దాసన్నకూ తెలుసు.

“మీ మామ మంచంలో పండుకునే కట్టినాడు,” అంది తిప్పమ్మ. “డాక్టరే విప్పాలంట.”

మూడు ముళ్లు వేసి ఉంది. మధు బండి స్టార్టు చేశాడు. నేను ఒక చేత్తో మూట, ఒక చేత్తో మధు నడుము పట్టుకుని కూర్చున్నాను.